నల్లోడి కబుర్లు: మొగ దాకా వెళ్ళిన రోజు

కిందటి నెల పొరుగింటివారి కోడిపెట్ట విషయంలో నా మీద పడిన నింద గురించి చెప్పాను గదా. ఆ గొడవ సద్దుమణిగింది. ఈ నెల పడవ ప్రయాణం కబురు చెబుతాను. ఇందులో నా తప్పులు రెండున్నాయి. ఒకటి పడవలో చేసింది, ఒకటి ఇసుకలో చేసింది. దేన్నీ దాచను.

ఫిబ్రవరి నెలలో ఒక శనివారం. మేమంతా నరసాపురంలో అమ్మగారి పుట్టింటికి వెళ్ళాం. అమ్మగారి తమ్ముడికి ఇంజను పడవ ఉంది. పిల్లలు మావయ్య అంటారు కాబట్టి నాకూ మావయ్యే. "అక్కా, పిల్లలకు గోదావరి సముద్రంలో కలిసే చోటు చూపిద్దాం రా" అన్నాడు. అమ్మగారు చేతిలోని లేసు పని పక్కన పెట్టి, "నల్లోణ్ణి ఎవరు చూస్తారు?" అన్నారు. చిన్నబాబు నా మెడ కావలించుకుని, "వాడు రాకపోతే నేనూ రాను" అన్నాడు. నోవహుగారి ఓడలో మా జాతివారికి కూడా చోటు దొరికిందని అమ్మగారు చదువుతుండగా నేను చాలాసార్లు విన్నాను. అందుచేత నాకు ఏ సందేహమూ కలగలేదు.

రేవులో పంటు మీదికి మోటారు సైకిళ్ళు ఎక్కిస్తున్నారు. అది ఇక్కడినుంచి అవతల సఖినేటిపల్లికి వెళుతుంది. మేము అటు కాకుండా వశిష్ఠ గోదావరి పాయలో దక్షిణంగా, సముద్రం వైపు బయలుదేరాం. పడవ కదలకముందే మావయ్య అందరికీ లైఫ్ జాకెట్లు పంచాడు. వెనుక వాటిని తలకింద దిండ్లుగా వాడుకునేవాడట. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర ఇదే గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి ఎంతోమంది చనిపోయారు. అప్పటినుంచి జాకెట్టు వేసుకోనివారిని తన పడవ ఎక్కనివ్వడు. అవి నారింజ రంగువని పెద్దపాప చెప్పింది. మా కుక్కల కళ్ళకు నీలం, పసుపు బాగా ఆనుతాయిగాని ఎరుపు, నారింజ అంతగా తెలియవు. నాకవి మాసిన పసుపు గుడ్డల్లా కనిపించాయి. నా కొలతకు జాకెట్టు లేదు. ఆ సంగతి ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

పడవలో మొదటి గంట ఎంత బాగుందో చెప్పలేను. మీరు కళ్ళతో చూసేదాన్ని మేము ముక్కుతో చూస్తాం. రేవు దగ్గర డీజిలు, ఎండుచేపలు. కొంత దూరం పోయాక చెరువుల్లోని రొయ్యల మేత. తరువాత కొబ్బరి తోటల్లో తడిసిన పీచు. ఆ తరువాత గాలి మారింది. ఉప్పు, బురద, సరుగుడు ఆకు, ఇంకా పేరు తెలియని పాత వాసన ఒకటి. దాహం వేసి పక్కకు వంగి నీళ్ళు తాగాను. అవి ఉప్పునీళ్ళు. కాసేపటికి పొద్దున తిన్న ఇడ్లీ అంతా మావయ్య చెప్పుల దగ్గర పెట్టేశాను. తాతయ్యగారు సీసాలోని మంచినీళ్ళు కొబ్బరి చిప్పలో పోసి ఇచ్చారు. మీ ఇంటి కుక్కను సముద్రం దగ్గరికి తీసుకువెళితే దాని వాటా మంచినీళ్ళు కూడా తీసుకువెళ్ళండి. చెక్క ఎండకు కాలి మా అరికాళ్ళు మండుతాయి, ఒక తడి గోనె కూడా పరిస్తే ఇంకా మేలు.

అంతర్వేది దీపస్తంభం దాటాక మొగ కనిపించింది. నది నీళ్ళు, సముద్రపు నీళ్ళు కలిసేచోట తెల్లని నురుగు గీత. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయనీ, ఇవాళ వచ్చిన పోటు రేపు ఓ 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందనీ తాతయ్యగారు పిల్లలకు చెబుతున్నారు. పున్నమికీ అమావాస్యకూ ఆ ఊపు ఎక్కువ. ఆ రోజు పున్నమి వెళ్ళిన రెండో రోజు, పైగా పాటు వేళ. నది నీళ్ళన్నీ సముద్రంలోకి పరుగెత్తుతున్నాయి.

సరిగ్గా అక్కడ ఇంజను ఆగిపోయింది. తెగిన వల ముక్క ఒకటి పంకాకు చుట్టుకుంది. పడవ అడ్డం తిరిగింది. నేనేమో ముందు అంచున నిలబడి ఒక తెల్లపిట్ట మీద మొరుగుతున్నాను. "దిగరా, దిగు" అని తాతయ్యగారు రెండుసార్లు అన్నారు. వినలేదు. ఇదీ నా మొదటి తప్పు. కెరటం కొట్టింది, నేను నీళ్ళలో ఉన్నాను.

తల పైకెత్తేసరికి పడవ అప్పుడే దూరంగా ఉంది. మావయ్య లంగరు వేశాడు. పడవ నిలిచింది, నేను నిలవలేదు. చిన్నబాబు ఉక్కగా ఉందని జాకెట్టు విప్పి దానిమీద కూర్చున్నాడు, ఆ సంగతి ఎవరూ గమనించలేదు. వాడు అలాగే లేచి, "నల్లోడా!" అంటూ అంచు మీద కాలు పెట్టాడు. తాతయ్యగారు వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగారు.

"వదులు తాతయ్యా, పోతున్నాడు!"

"పోనీరా. నువ్వు పోవడానికి వీల్లేదు."

ఆ మాట నీళ్ళమీద నాకు స్పష్టంగా వినిపించింది. మా చెవులు అలాంటివి. వాడు తాతయ్యగారి చేయి కొరికి పెనుగులాడాడు. ఆయన వదలలేదు. ఆ వేళ నాకు కోపం వచ్చిందా అని మీరడిగితే, రాలేదు. వాడు నీళ్ళలో దూకితే నేనేం చేయగలను? నాకు చేతులు లేవు.

మావయ్య తాడు కట్టిన ఖాళీ క్యాను విసిరాడు. అది నా ముక్కు పక్కనే పడింది. పట్టుకోవడం నాకు చేతకాలేదు. పడవ వైపే ఈదాను. ఎంత ఈదినా అది చిన్నదవుతూనే ఉంది. చివరికి కాళ్ళు తేలిపోయాయి, నీళ్ళు ఎటు తోస్తే అటు పోయాను. అవి నన్ను వాలుగా తోసి ఒక ఇసుక తిన్నె మీద పడేశాయి. నా తెలివేమీ లేదు. పాటుకు ఎదురీదకుండా అడ్డంగా ఒడ్డు వైపు ఈదాలని మావయ్య తరువాత పిల్లలకు చెప్పాడు.

మావయ్య నడుముకు తాడు కట్టుకుని, కత్తి పట్టుకుని దిగి వల ముక్క కోయడానికి గంట పైన పట్టింది. ఆ గంటసేపూ నేను ఒంటరిగా తిన్నె మీద ఉన్నాను. ఆకలి వేస్తోంది. ట్రాక్టరు చక్రం నడిచినట్టు ఇసుకలో ఒక జాడ, దాని చివర గొప్ప వాసన. తవ్వాను. ఒకటిన్నర అడుగు లోతున తెల్లని గుండ్రని గుడ్లు, మెత్తని పెంకుతో. రెండు తినేశాను.

పడవ వచ్చి ఒడ్డు తాకగానే పెద్దపాప పరుగెత్తుకొచ్చి నన్ను కౌగలించుకోబోయి, గుంట చూసి ఆగిపోయింది. "తాతయ్యా, ఇవేమిటి?" తాతయ్యగారు వంగి చూశారు. ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రిపూట వచ్చి పెట్టిన గుడ్లు అవి. ఒక్కొక్క గుంటలో సుమారు 100 ఉంటాయి, పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. "వీటిని ముట్టుకోవడం 1972 చట్టం ప్రకారం నేరంరా నల్లోడా" అన్నారాయన. నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేదనిపించింది. మిగతా గుడ్లను అటూ ఇటూ తిప్పకుండా, ఎలా ఉన్నవి అలాగే ఉంచి, పైన ఇసుక కప్పమన్నారు. పాప రెండు చేతులతో మెల్లగా కప్పింది. చిన్నబాబు దూరంగా నిలబడ్డాడు. వాడింకా తాతయ్యగారితో మాట్లాడటం లేదు.

తిరుగు ప్రయాణంలో పోటు మొదలై నీళ్ళే మమ్మల్ని ఊరివైపు తోశాయి. సగం దారిలో చిన్నబాబు జాకెట్టు తొడుక్కుని, తాళ్ళు తానే బిగించుకున్నాడు. తరువాత జరిగి జరిగి తాతయ్యగారి పక్కకు చేరాడు. ఆయన చేతిమీద పళ్ళ గుర్తులు ఎర్రగా ఉన్నాయట, నాకు రంగు తెలియలేదు. వాడు వాటిమీద వేలు పెట్టి, "నొప్పిగా ఉందా?" అన్నాడు. "ఉంది" అన్నారాయన.

ఇంటికి వచ్చాక అమ్మగారు మంచినీళ్ళతో నాకు రెండుసార్లు స్నానం చేయించారు. అయినా ఉప్పు వదలక రాత్రంతా గోక్కున్నాను. ఏప్రిల్ సెలవుల్లో గుడ్లు పిల్లలయ్యాయేమో చూడటానికి మళ్ళీ వెళదామని పాప అడిగింది. మావయ్య ఒప్పుకున్నాడు. నన్ను మాత్రం ఇంటిదగ్గర కట్టేసి వెళతారట.