కాటా ఒక్కటే చాలదు, టేపు తీయండి

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల రైతులకు, కోత కూలీలకు, హమాలీ సోదరులకు, ఆశా అక్కచెల్లెళ్లకు, పంచాయతీ పెద్దలకు మనవి.

మామిడి కాయ కోతకొచ్చిందో లేదో తెలుసుకోవడానికి మనం కాటా ఎక్కించం. భుజాలు నిండాయా లేదా చూస్తాం. ముచ్చిక దగ్గర గుంట పడిందా చూస్తాం. ఇంకా అనుమానముంటే నాలుగు కాయలు కోసి నీళ్ల తొట్టిలో వేస్తాం. మునిగితే ముదురు, తేలితే లేత. రెండు కాయలూ ఒకే బరువు తూగినా ఒకటి మునిగి ఒకటి తేలుతుంది. కాయ విషయంలో ఇంత ఆరా తీసే మనం, సొంత ఒంటి దగ్గరికొచ్చేసరికి కాటా ముల్లు ఎక్కడ ఆగితే అక్కడే ఆగిపోతున్నాం.

నా సంగతే చెబుతాను. అయిదడుగుల ఆరంగుళాల మనిషిని, 62 కిలోలు. మూడేళ్ల కిందట ఒక ఆరోగ్య శిబిరంలో కాటా ఎక్కించి, గోడకు ఆనించి ఎత్తు చూసి, ‘బీఎంఐ 22, మీకేం ఫరవాలేదు’ అని చీటీ రాసిచ్చారు. లావుగా ఉన్నవాళ్లనే రక్తపరీక్షకు పంపారు. నేను చీటీ జేబులో పెట్టుకుని తోటకెళ్లిపోయాను. మరుసటి ఏడు కోతల్లో కాలికి కొమ్మ గీరుకుంది. పుండు నెలైనా మానకపోతే అప్పుడు బయటపడింది షుగరు. ఆ రోజు ఎవరైనా నా నడుం చుట్టూ టేపు తిప్పి ఉంటే 93 సెంటీమీటర్లని తేలేది. చేతులూ కాళ్లూ పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనిషిని నేను. మన ఊళ్లలో సగంమంది మగవాళ్ల వాటం ఇదే. చొక్కా వదులుగా తొడుక్కుంటే సన్నగానే కనిపిస్తాం.

బీఎంఐ అంటే బరువును కిలోల్లో వేసి, ఎత్తును మీటర్లలో పెట్టి, ఆ ఎత్తుతో రెండుసార్లు భాగించడం. ఇంతే. ఈ లెక్కలో కొవ్వు అన్న మాటే లేదు. 1830ల్లో బెల్జియం దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ కెత్లే సగటు మనిషి ఎలా ఉంటాడో అంకెల్లో పట్టాలని చూసినప్పుడు ఈ సూత్రం పుట్టింది. ఎవరి ఒంట్లో ఎంత కొవ్వుందో తేల్చడం ఆయన పని కాదు. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ అయిదు దేశాల్లో 7,400 పైచిలుకు మగవాళ్ల కొలతలు తీసుకుని, ఉన్న సులువు లెక్కల్లో ఇదే కాస్త నయమని చెప్పి దానికి బీఎంఐ అని పేరు పెట్టాడు. ఆ కొలతల్లో ఆడవాళ్లు లేరు. మన దేశం వాళ్లూ లేరు.

నీళ్ల తొట్టి పరీక్ష మనుషులకూ చేశారు, నమ్మండి. కొవ్వు తేలుతుంది, కండా ఎముకా మునుగుతాయి. 1942లో అమెరికా నౌకాదళం డాక్టరు ఆల్బర్ట్ బెంకే ఆ దేశపు ఫుట్‌బాల్ ఆటగాళ్లను నీళ్లలో ముంచి తూచాడు. ఎత్తు-బరువు పట్టీల ప్రకారం వాళ్లలో ఎక్కువమంది స్థూలకాయులు, సైన్యానికి పనికిరారు. నీళ్లలో తూస్తే ఒళ్లంతా కండ, కొవ్వు బహు తక్కువ. మన ట్రేలు మోసే హమాలీలదీ అదే కథ. సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి పతకం తెచ్చింది 69 కిలోల విభాగంలో. అయిదడుగుల నాలుగంగుళాల మనిషి 69 కిలోలుంటే బీఎంఐ 26 అవుతుంది. ఆ అంకె ఒక్కటే చూసి బరువులెత్తే మనిషికి ‘లావు తగ్గండి’ అని చీటీ రాస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇది ఒకవైపు పొరపాటు. రెండోవైపు పొరపాటు మన ప్రాణం మీదికొచ్చేది. పుణెలో కేఈఎం ఆసుపత్రి డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌లో డాక్టరు జాన్ యుడ్కిన్ స్నేహితులు. 2004లో ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఫొటో దిగి, తమ కొలతలతో సహా లాన్సెట్ వైద్య పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లీషు డాక్టరుకు 9.1 శాతం, మన డాక్టరుకు 21.2 శాతం. కాటా దగ్గర ఇద్దరూ సమానమే, లోపల రెండింతలకు పైగా తేడా. మనవాళ్లలో చాలామందికి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కూడా తొడల్లో, చర్మం కింద ఊరుకునే రకం కాదు, పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో చేరే రకం. అది నేరుగా కాలేయానికి కొవ్వు చేరవేస్తూ ఇన్సులిన్ పని చెడగొడుతుంది. పైకి నవనవలాడే కాయలో టెంక పురుగు ఉన్నట్టు.

అందుకే మనకు గీత వేరేచోట గీశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే ఆసియా వాళ్లకు 23 దగ్గరే జాగ్రత్త మొదలుకావాలన్నారు. 2009లో మన దేశపు వైద్యులు కూర్చుని 23 దాటితే అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం అని, నడుం మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదని నిర్ణయించారు. అయినా చాలాచోట్ల గోడ మీద పట్టీలో ఇంకా 25 వరకూ ఆకుపచ్చ రంగే కనిపిస్తుంది. 2025 జనవరిలో లాన్సెట్ నియమించిన అంతర్జాతీయ నిపుణుల బృందం ఇంకో అడుగు వేసి, బీఎంఐ ఒక్కదాన్ని పట్టుకుని మనిషికి స్థూలకాయం ఉందనీ లేదనీ తేల్చవద్దు, నడుం కొలతో, కొవ్వును నేరుగా చూసే పరీక్షో తోడుండాలని చెప్పింది.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి నడుమూ పిరుదులూ కూడా కొలిచారు. దేశంలో బీఎంఐ 25 దాటిన ఆడవాళ్లు వందకు 24 మంది. నడుం-పిరుదుల లెక్కన ముప్పు గీత దాటినవాళ్లు వందకు 57 మంది. మగవాళ్లలో 23 మంది, 48 మంది. ఆ 57 మందీ రోగులని నేననడం లేదు. కానీ కాటాకు దొరకనివాళ్లు అంతమంది ఉన్నప్పుడు, కాటా చూసి రక్తపరీక్ష ఎవరికి చేయాలో నిర్ణయించడం కళ్లకు గంతలు కట్టుకుని కాయ గ్రేడింగు చేయడమే.

ఇంతకీ నేను అడిగేది కొత్త పథకం కాదు. ముప్పై ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరి ఇంటికీ వచ్చి ఆశా కార్యకర్త నింపే సీబ్యాక్ ఫారంలో నడుం కొలత గడి ఇప్పటికే ఉంది. మగవాళ్లకు 90 దాటితే ఒక మార్కు, 100 దాటితే రెండు. ఆడవాళ్లకు 80 దాటితే ఒకటి, 90 దాటితే రెండు. వయసు, పొగాకు, మందు, ఒంటికి పని, ఇంట్లో షుగరు బీపీ చరిత్ర, అన్నిటి మార్కులూ కూడి 4 దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. గడి ఉంది సరే, దాన్ని టేపుతో నింపుతున్నామా, కంటిచూపుతోనా? ఆశా అక్కలను తప్పుపట్టడం లేదు. ఇంటింటికీ తిరిగి ఇన్ని ఫారాలు నింపే మనిషికి వాకిట్లో నిలబడి మగవాడి నడుం కొలవడం ఎంత ఇబ్బందో తెలియనిది కాదు. ఆ ఇబ్బంది తీర్చాల్సింది ఊరు.

కాబట్టి ప్రతి పంచాయతీ ఈ జనవరి 26 గ్రామసభలో, తోటలు పూత మీదున్నప్పుడే, ఒక తీర్మానం చేయాలని కోరుతున్నాను. ఊళ్లో ఎవరు శిబిరం పెట్టినా, ప్రభుత్వమైనా, ప్రైవేటు ఆసుపత్రైనా, కాలేజీ పిల్లలైనా, చీటీలో బీఎంఐ పక్కన నడుం కొలత రాసి తీరాలి. బీఎంఐ గీత 23 దగ్గర పెట్టాలి. నడుం గీత దాటినవాళ్లు బక్కగా ఉన్నా సరే, షుగరు, బీపీ పరీక్ష అదే రోజు జరగాలి. ఆడవాళ్లను కొలవడానికి తెర కట్టిన చోటు, కొలిచే ఆడమనిషి ఉండాలి. మగవాళ్లను కొలవడానికి చదువుకున్న కుర్రాడు ఒకడు ఆశాకు తోడు నిలవాలి. ఇదంతా కోతలు మొదలుకాకముందే, మార్చిలోగా. ఏప్రిల్, మే నెలల్లో మనల్ని ఆపి మాట్లాడే మొనగాడు పుట్టలేదు.

టేపు ఖరీదు డజను చిన్న రసాల ఖరీదు కూడా కాదు. అంగన్‌వాడీలో పిల్లల జబ్బ చుట్టూ టేపు తిప్పి పోషణ చూస్తున్నారు కదా, పెద్దల నడుం దగ్గర సిగ్గెందుకు?

‘బీఎంఐ పనికిరాదంటావా?’ అని ఒక డాక్టరుగారు నన్నడిగారు. అలా అనను. లక్షలమంది లెక్క ఒక్కసారి చూడాలంటే అంతకన్నా చవకైన దారి లేదు. 18.5 కన్నా తక్కువున్న కూలి తల్లిని గుర్తించడానికి అది కావాలి. 35, 40 ఉన్నవాళ్ల విషయంలో అనుమానమే అక్కర్లేదు. మధ్యలో ఉన్న మనలాంటివాళ్ల దగ్గరే అది తడబడుతుంది. నడుం కొలతకూ లోపాలున్నాయి. గర్భిణులకు పనికిరాదు, కొలిచే చేయి మారితే అంకె కాస్త మారుతుంది. చివరిమాట ఎప్పుడూ రక్తపరీక్షదే.

కొలిచే పద్ధతి చెప్పి ముగిస్తాను. మొలతాడు ఉన్నచోట కొలవకండి. పొట్ట పెరిగేకొద్దీ మొలతాడు కిందికి జారుతుంది గానీ బిగుసుకోదు, ఏళ్ల తరబడి నన్ను మోసం చేసింది అదే. చిట్టచివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్య టేపు అడ్డంగా, బిగించకుండా పెట్టాలి. చొక్కా పైకి మడవాలి. చీర కుచ్చిళ్ల మీద, పావడా బొందు మీద కొలిస్తే ఆ అంకె చీరది. ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. పొట్ట లోపలికి బిగబట్టే పెద్దమనుషులు కాసేపు మాటల్లో పడేదాకా ఆగి కొలవండి.

టేపు లేకపోతే పురికొస చాలు. మీ ఎత్తంత పురికొస తెంచి, సరిగ్గా సగానికి మడిచి, ఆ మడత నడుం చుట్టూ అందుతుందో లేదో చూసుకోండి. 2022లో ఇంగ్లండు ఆరోగ్య మార్గదర్శకాల్లో చేరిన లెక్క ఇదే, నడుం ఎత్తులో సగం లోపు ఉండాలని. నాది మూడున్నర అంగుళాలు అందలేదు. గ్రామసభకు వచ్చేటప్పుడు మీది తెచ్చుకోండి, పురికొస ఉండ నేను తెస్తాను.

ఇట్లు,
నూజివీడు మండలం మామిడి రైతు ఒకడు