పిల్లల చదువుకు పట్నం కాపురం: ఏ ఊరికి? ఏ తరగతిలో?

మునుగోడు (విలేఖరి): పత్తి గింజలు పెట్టే రోజులూ, బడులు తెరిచే రోజులూ ఈ జిల్లాలో ఒక్కసారే వస్తాయి. జూన్ రాగానే విత్తనాల దుకాణాల దగ్గర రైతుల రద్దీ పెరుగుతుంది. అదే వారంలో పట్నం పోయే బస్సుల్లో బియ్యం సంచులు, గిన్నెల మూటలు, మడత మంచాలతో కుటుంబాలు ఎక్కుతుంటాయి. వీరు కరువుకు తాళలేక కూలికి పోతున్నవారు కారు. రెండు మూడెకరాల భూమి ఉండి, కేవలం పిల్లల చదువు కోసం, ముసలివారిని ఇంటి దగ్గర ఉంచి బయలుదేరుతున్నవారు. విత్తనాల డబ్బులూ బడి ఫీజూ ఒకే నెలలో కట్టవలసి రావడంతో అప్పు కూడా రెండింతలవుతున్నది.

ఎక్కడికి పోవాలన్న నిర్ణయం ఎలా జరుగుతున్నదో చూస్తే, నూటికి తొంభై పాళ్లు దారిని బట్టీ, చుట్టాలను బట్టీ జరుగుతున్నదని చెప్పవచ్చు. విజయవాడ రోడ్డు మీది చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ ప్రాంతాలవారు హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్‌లలో దిగుతారు. సాగర్ రోడ్డు మీది దేవరకొండ, చింతపల్లి, మర్రిగూడ వారు ఇబ్రహీంపట్నం, బీఎన్ రెడ్డి నగర్ పట్టుకుంటారు. పాత జిల్లాలోని భువనగిరి, ఆలేరు వారికి ఘట్‌కేసర్, బోడుప్పల్, ఉప్పల్ ఉండనే ఉన్నాయి. ముందు పోయిన మేనమామో, పెద్దనాయన కొడుకో అక్కడ ఒక గది చూసిపెడతాడు. బడి ఎంపిక కూడా ఆయన పిల్లలు చదివే బడే.

ఇందులో తప్పు పట్టవలసినది లేదు. కొత్త చోట జ్వరం వస్తే పలకరించే మనిషి ఉండటం చిన్న విషయం కాదు. ఊరికి తిరిగివచ్చే బస్సు ఇంటి ముందరి రోడ్డు మీదే దొరకడమూ చిన్న విషయం కాదు. ఎందుకంటే ఈ కాపురాల్లో చాలావరకు సగం కాపురాలే. తల్లి పిల్లలతో పట్నంలో, తండ్రి పొలంతో ఊళ్లో. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చిన తర్వాత కలుపు తీతకూ, పత్తి ఏరడానికీ తల్లే వచ్చిపోవడం పెరిగింది. ఛార్జీ మిగిలిన మాట నిజమే. కాని ఆమె ఊరికి వచ్చిన రెండు రోజులూ పట్నంలో పిల్లలకు అన్నం ఎవరు వండుతారన్న ప్రశ్నను మాత్రం చాలా ఇళ్లలో పదేళ్ల ఆడపిల్ల మీద పెడుతున్నారు. ఆమె చదువు కోసమే కదా ఈ కాపురం పెట్టింది!

ఎల్బీనగర్ వైపు ఆకర్షణకు కారణాలున్నాయి. 2018 సెప్టెంబరులో అక్కడిదాకా మెట్రో రైలు వచ్చింది. ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, ఆటోనగర్‌లో పని, అన్నీ దగ్గరే. అయితే కిరాయి కూడా ఆ మేరకే ఉంటుంది. మెట్రోకు ఎంత దగ్గరైతే గది అంత చిన్నది.

చౌటుప్పల్‌ది వేరే లెక్క. పట్నానికి సుమారు యాభై కిలోమీటర్ల ఇవతల, మునుగోడు పల్లెలకు దగ్గరగా ఉన్న ఈ ఊరిలో ఉంటే తండ్రి పొద్దున్నే పొలానికి పోయి మాపటికి ఇల్లు చేరవచ్చు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలలో పని దొరుకుతుంది. అయితే ఆ ఫ్యాక్టరీల్లో రసాయనాలవి ఉండటం వల్ల భూగర్భ జలాలు చెడిపోతున్నాయన్న గోడు అక్కడ ఏళ్ల తరబడి ఉన్నదే. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిన తరాన్ని చూసిన మునుగోడు ప్రాంతంవారు నీటి గురించి అడగకుండా గది అడ్వాన్సు ఇవ్వడం ఆశ్చర్యం కలిగించే విషయం. ఇంటి యజమాని చూపించే నల్లాలో వచ్చేది కృష్ణ నీరా, బోరు నీరా, ఎండాకాలంలో ట్యాంకరు తెప్పించుకోవలసి వస్తుందా అన్నది పక్కింటివారిని అడిగితే తెలుస్తుంది. 2024 వేసవిలో నగర శివార్లలో ట్యాంకర్ల కోసం పడిగాపులు పడవలసి వచ్చింది. నగరానికి పోయే కృష్ణ నీరు ఈ జిల్లాలోని అక్కంపల్లి జలాశయం నుంచి తీసి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, వనస్థలిపురం పక్కనున్న సాహెబ్‌నగర్‌కు పంపేదే కావడం గమనార్హం.

ఎండాకాలంలో ఇలా ఉంటే, వానాకాలం సంగతి 2020 అక్టోబర్ 13న తెలిసివచ్చింది. ఆ ఒక్కరోజు వానకు నగరం తూర్పు శివార్లు చెరువులయ్యాయి. ఘట్‌కేసర్ వద్ద సుమారు 32 సెంటీమీటర్ల వర్షం నమోదైంది. కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మునిగిన వాటిలో చాలావరకు చెరువుల దిగువనో, శిఖంలోనో వెలసినవే. తన ఊరి చెరువుకు అలుగు ఎటు పారుతుందో, శిఖం ఎక్కడిదాకా ఉంటుందో ప్రతి రైతుకూ తెలుసు. అదే రైతు పట్నం శివారులో ప్లాటు కొనేటప్పుడు, కిరాయికి దిగేటప్పుడు ఆ మాట అడగడం లేదు. చెరువుల ఆక్రమణల తొలగింపునకు 2024లో హైడ్రా అనే సంస్థను ప్రభుత్వం ఏర్పాటు చేసిన దరిమిలా, శిఖంలో కొన్న ఇల్లు నీళ్లకు తట్టుకున్నా బుల్డోజరుకు తట్టుకుంటుందన్న భరోసా లేదు.

నీరు, కిరాయి, బస్సు ఈ మూడూ ఎలాగో కనిపించేవే. పొరపాటయితే మరుసటి ఏడాది ఇల్లు మారవచ్చు. దిద్దుకోవడానికి వీల్లేని విషయం మరొకటి ఉన్నది. దాని ఊసు ఊళ్లలో దాదాపు ఎత్తడం లేదు. అది స్థానికత.

ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికులకు 95 శాతం పోస్టులు కేటాయిస్తూ 2018లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, ఒకటి నుంచి ఏడో తరగతి వరకు పిల్లవాడు ఎక్కువ కాలం ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకే స్థానికుడు. పుట్టిన ఊరు, తండ్రి పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు ఇవేవీ దీనికి లెక్క కావు. 1975 నాటి పాత ఉత్తర్వు పదో తరగతితో ముగిసే చదువును చూసేది. పెద్దలకు ఆ పాత లెక్కే గుర్తుండటంతో, చిన్న తరగతుల్లో ఎక్కడ చదివితే ఏమిటి, పదో తరగతికి ఊరికి తీసుకువద్దామని అనుకుంటున్నారు. ఈ లెక్క ఇప్పుడు చెల్లదు.

ఒక ఇంట్లో కొడుకు ఎనిమిదో తరగతిలో, బిడ్డ రెండో తరగతిలో ఉన్నారనుకుందాం. ఈ జూన్‌లో కుటుంబం వనస్థలిపురం పోతే, కొడుకు నల్లగొండ జిల్లా స్థానికుడుగానే ఉంటాడు. బిడ్డ మాత్రం రంగారెడ్డి జిల్లా స్థానికురాలవుతుంది. ఘట్‌కేసర్ పోతే మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. చౌటుప్పల్ మనదే కదా అనుకుంటే అదీ కాదు. 2016 అక్టోబర్ 11న జిల్లాల విభజనతో అది యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. జోనల్ పోస్టులకు రెండు జిల్లాలూ యాదాద్రి జోన్‌లోనే ఉన్నా, ఎస్జీటీ టీచర్, జూనియర్ అసిస్టెంట్ వంటి జిల్లా పోస్టులకు లెక్క మారిపోతుంది. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ పట్టణాలకు మారినవారికే ఈ చిక్కు లేదు.

రంగారెడ్డి స్థానికత నష్టమని చెప్పడానికి లేదు. ఏ ఏడాది ఏ జిల్లాలో ఎన్ని ఖాళీలుంటాయో ఎవరికి తెలుసు? కాని డీఈడీ, బీఈడీ చదివి, ఊరికి దగ్గరలో టీచరు కావాలని కోరుకునే పిల్లలే ఈ పల్లెల్లో ఎక్కువ. 2024లో 11,062 టీచరు పోస్టులకు డీఎస్సీ జరిగినప్పుడు ఒకటి నుంచి ఏడు వరకు స్టడీ సర్టిఫికెట్లు వెతుక్కుంటూ తిరిగినవారికి ఈ సంగతి అనుభవమే. తల్లిదండ్రులు తెలిసి మారితే అది వారి నిర్ణయం. తెలియక మారడమే విచారకరం.

ఆ లెక్కన చూస్తే నాలుగో తరగతి కీలకం. ఒకటి నుంచి నాలుగు వరకు ఊళ్లో చదివిస్తే, ఆ తర్వాత ఎక్కడికి పోయినా సొంత జిల్లా స్థానికత పోదు. గురుకులాల్లో ఐదో తరగతి ప్రవేశ పరీక్ష రాసేది కూడా నాలుగులో ఉండగానే. ఉమ్మడి రాష్ట్రంలో తొలి గురుకులం 1971లో వెలసింది ఈ పక్కనున్న సర్వేల్‌లోనే. సీటు వస్తే కాపురమే ఎత్తవలసిన పని లేదు. రాకపోతే ఆరో తరగతిలో మోడల్ స్కూళ్లు, ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. అవీ కుదరనప్పుడు పట్నం ఎటూ పోదు.

ఇంగ్లీషు మీడియం కోసమే పోతున్నామని కొందరంటున్నారు. 2022-23 విద్యాసంవత్సరం నుంచి ఒకటి నుంచి ఎనిమిది వరకు సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం పెట్టారు. అయితే ఐదు తరగతులకు ఒక్క పంతులు ఉన్న బడిలో మీడియం ఏదైతేనేమి అని తల్లులు అడుగుతున్నారు. ఈ ప్రశ్నకు మండల విద్యాధికారులే జవాబు చెప్పాలి. పిల్లలు పోతున్నారని పంతులును తీసివేయడం, పంతులు లేడని పిల్లలు పోవడం చాలా ఊళ్లలో జరుగుతున్నదే.

పట్నంలో ప్రయివేటు బడిలో చేర్చేవారు అడగవలసిన మాట ఒకటున్నది. ఆ తరగతికి బడికి ప్రభుత్వ గుర్తింపు ఉన్నదా? గుర్తింపు లేని చోట చదువు ఒక బడిలో, రికార్డు మరో బడి పేరున ఉంటుంది. ఆ రెండో బడి వేరే జిల్లాలో ఉంటే స్థానికత కూడా అటే పోతుంది. ఫీజు బాకీ పేరుతో టీసీ ఆపుతున్నారన్న ఫిర్యాదులూ ఉన్నాయి. సర్కారు బడిలో చేర్చేవారికి ఆ భయం లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకు టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండరాదు.

ఇక ఊరు వదిలేవారు టీసీతో పాటు, పిల్లలు చదివిన ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ అప్పుడే రాయించుకోవడం మేలని అనుభవజ్ఞులైన ప్రధానోపాధ్యాయులు చెబుతున్నారు. రిజిస్టరు ఇవాళ బీరువాలో ఉన్నది. పదిహేనేళ్ల తర్వాత ఆ బడి మరో బడిలో కలిసిపోతే దాన్ని ఎక్కడ వెతకాలో చెప్పేవారుండరు.