ముందు తన ముసుగు

విమానప్రయాణము చేసినవారందరు నీ సూచనను వినియే యుందురు: ప్రాణవాయువు ముసుగులు క్రిందికి జారినప్పుడు ముందు మీరు ధరింపుడు, పిమ్మట బిడ్డకు ధరింపజేయుడు. ఇది స్వార్థబోధ యని కొందరు తల్లిదండ్రులకు దోచవచ్చును. మే మట్లు తలంపము.

35,000 అడుగుల యెత్తున గాలి యొత్తిడి సముద్రతీరమున నుండు దానిలో నించుమించు నాలుగవవంతు మాత్రమే. చలియో, సున్నకు దిగువ 50 డిగ్రీలను దాటును. కావున పెక్కు విమానములలో యంత్రములే వెలుపలి గాలిని పీల్చి యదిమి, అదుముటచే వేడెక్కిన యా గాలిని తగినంత చల్లార్చి లోనికి బంపుచుండును. ఒక కవాటము లోపలి గాలిని కొలది ప్రకారము వెలుపలికి విడుచుచుండును. ఇందువలన లోపలివారు 8,000 అడుగుల కొండమీద నున్నవారికంటె నెక్కువ శ్రమ నెరుగరు.

ఈ యేర్పా టంతటి యెత్తున హఠాత్తుగా దప్పినచో, మనుష్యునకు పనికివచ్చు తెలివి నిలుచునది యొక నిమిషమునకు లోపుగానే. అంతకంటె భయంకరమైన దేమన, ప్రాణవాయువు చాలనివాడు చాలుటలేదని యెరుగడు. నొప్పి యుండదు, ఒక్కొక్కప్పు డుల్లాసమే కలుగును. ముందుగా నశించునది వివేకము.

ఇందుకు రెండు నిదర్శనములు చాలును. 1875వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదిని ఫ్రాన్సుదేశమున మువ్వురు 'జెనిత్' అను బెలూను నెక్కి 8,000 మీటర్లకు పైగా పోయిరి. ప్రాణవాయువు సంచులు చెంతనే యుండెను. గొట్టము నందుకొనవలెనని టిసాందియే తలచెను గాని చేయి లేవదయ్యెను. ఆయన యొక్కడే బ్రదికెను. సివెల్, క్రోసే-స్పినెల్లి యను నిరువురు మరణించిరి.

2005వ సంవత్సరము ఆగస్టు 14వ తేదిని సైప్రసునుండి ఏథెన్సునకు బయలుదేరిన విమానమున ఒత్తిడిని నియమించు మీట తనంతట పనిచేయు స్థానమున గాక, చేతితో నడుపు స్థానమున నుండెను. హెచ్చరిక మ్రోగెను. చోదకులు దానిని వేరొక హెచ్చరికగా భ్రమించి, కారణమును విచారించుచు, ముసుగు ధరింపకయే స్పృహ తప్పిరి. 121 మందియు మరణించిరి.

రెండుచోట్లను ప్రాణవాయువు చేతికందు దూరముననే యున్నది. లోపించినది సకాలమున దానిని గైకొనుట. తల్లి మెలకువతో నున్నచో సొమ్మసిల్లిన బిడ్డను తేర్చగలదు. తల్లియే పడిపోయినచో బిడ్డకు దిక్కెవ్వరు? చోదకుని విషయమును నిట్టిదే. అతని మెలకువయే యందరి ప్రాణము.

కావున బాలబాలికలారా, మీలో రేపు విమానము నడపువా రుండవచ్చును, ఎక్కువారు పెక్కురుందురు. హెచ్చరిక వినబడగనే ముసుగు ధరింపుడు, విచారణ పిమ్మట. తన తెలివి తగ్గుచున్నదని తగ్గుచున్న తెలివి చెప్పజాలదు. అందుకే తెలివియున్నప్పుడే నియమమును నేర్చుకొనవలయునని మా మనవి.