ఓటు అక్కడ, మగ్గం ఇక్కడ

పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంతాభివృద్ధి పథకం అన్న చాంతాడంత పేరును జనం ‘ఎంపీ నిధులు’గా కుదించుకుని చాలా కాలమైంది. 1993 డిసెంబర్ 23న పార్లమెంటులో దాన్ని ప్రకటించింది నాటి ప్రధాని పి.వి. నరసింహారావు. తొలి ఏడాది ఒక్కో ఎంపీ వాటా 5 లక్షల రూపాయలు. మరుసటి ఏడాదికే అది కోటి అయింది. 1998-99లో 2 కోట్లకు, 2011-12లో 5 కోట్లకు పెరిగింది. 1993 జూలైలో అవిశ్వాస తీర్మానాన్ని బొటాబొటీ మెజారిటీతో గట్టెక్కిన ప్రభుత్వం ఎంపీలకు పంచిన తాయిలం ఇదని గిట్టనివారు ఈసడించారు. తాయిలమే కావచ్చు. కానీ ఊళ్లో బోరు కోసమో, బడిలో గది కోసమో ఢిల్లీ దాకా అర్జీ మోయనక్కర్లేకుండా ఎంపీ సిఫారసుతో కలెక్టర్ ఆఫీసులోనే పని జరిగే దారి అలా పడింది.

పీవీ సొంత జిల్లా కరీంనగర్. ఆ జిల్లా నుంచీ, వరంగల్, నల్గొండల నుంచీ పద్మశాలీ కుటుంబాలు బతుకుదెరువు కోసం సూరత్ బండెక్కడం ఈ పథకం కంటే దశాబ్దాల ముందే మొదలైంది. ఊళ్లో చేతిమగ్గం తిండి పెట్టని రోజుల్లో తపతి ఒడ్డున ఉన్న ఆ ఊరు సాంచాల చప్పుడుతో పిలిచింది. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో ఇవాళ తెలుగు వాడలున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌తో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. తెలుగు రాష్ట్రాల్లోనే తెలుగు మాధ్యమం బడులు బిక్కుబిక్కుమంటున్న వేళ ఇది చిన్న సంగతేమీ కాదు.

మరి ఈ తెలుగువారి ఎంపీ ఎవరు? సూరత్ ఎంపీ అని తడుముకోకుండా చెప్పేస్తే తప్పులో కాలేసినట్టే. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009 ఎన్నికల నుంచి లింబాయత్, ఉధ్నా, మజూరా, చోర్యాసి అసెంబ్లీ సెగ్మెంట్లు నవ్‌సారి లోక్‌సభ స్థానం కిందికి వెళ్లాయి. అడ్రసు సూరత్, ఎంపీ నవ్‌సారి. అందుకే 2024లో దేశమంతా నోరెళ్లబెట్టిన సూరత్ ముచ్చట ఈ వాడల్ని తాకలేదు. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ చెల్లక, మిగతావాళ్లంతా పోటీ నుంచి తప్పుకుని ఏప్రిల్ 22న బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా గెలిచారు. సూరత్ నియోజకవర్గంలో పోలింగే జరగలేదు. రోడ్డు దాటితే నవ్‌సారి నియోజకవర్గంలో మాత్రం మే 7న క్యూలు కట్టి ఓట్లేశారు. సి.ఆర్. పాటిల్ 7.73 లక్షల పైచిలుకు ఆధిక్యంతో వరుసగా నాలుగోసారి నెగ్గి, కేంద్ర జలశక్తి మంత్రి అయ్యారు.

పాటిల్ గుజరాతీ కాదు. మహారాష్ట్రలోని జల్గావ్ జిల్లాలో పుట్టిన మరాఠీ. వలస వచ్చిన భాషవాళ్లు ఒక చోట స్థిరపడి, అక్కడే ఓటు నమోదు చేసుకుని, లెక్కలోకి వచ్చేంత మంది అయితే ఎంత దూరం వెళ్లవచ్చో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. తెలుగువాళ్లలో తరాలుగా అక్కడే ఉండిపోయిన కుటుంబాలకు ఓట్లున్నాయి. చిక్కల్లా మిగతా వారితోనే. సాంచా సూరత్‌లో నడుస్తుంది. రేషన్ కార్డు, ముసలి తల్లి పింఛను, ఓటు మాత్రం ఊళ్లోనే ఉంటాయి.

ఢిల్లీ నుంచి సూరత్‌కు డబ్బు రాలేదని ఎవరూ అనలేరు. మొరార్జీ దేశాయ్‌ని వరుసగా లోక్‌సభకు పంపి ప్రధాని దాకా చూసిన స్థానం అది. 1989 నుంచి ఆరుసార్లు గెలిచిన కాశీరామ్ రాణా వాజపేయి ప్రభుత్వంలో 1998 నుంచి 2003 దాకా జౌళి మంత్రి. ఆయన హయాంలోనే, 1999 ఏప్రిల్ 1న, టెక్నాలజీ ఆధునికీకరణ నిధి పథకం మొదలైంది. మిల్లులు, మరమగ్గాల వాళ్లు కొత్త యంత్రాల కోసం బ్యాంకు నుంచి తెచ్చుకున్న అప్పు మీద వడ్డీలో 5 శాతాన్ని కేంద్రం భరించడం దాని సారాంశం. చిన్న మరమగ్గాల వారికి తర్వాత పెట్టుబడి రాయితీ కూడా జతయింది. 2016లో పథకం రూపు మార్చి, ఏడేళ్లకు 17,822 కోట్లు కేటాయించారు. 2022 మార్చితో అది ముగిసింది.

ఇది దేశమంతటికీ వర్తించిన పథకం, సూరత్ కోసమే వండింది కాదు. అయినా బట్టల ఊరి ఎంపీ బట్టల మంత్రి అయితే వడ్డన ఎటు సాగుతుందో ఊహించడానికి జ్యోతిషం రానక్కర్లేదు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు. వడ్డీ రాయితీ ఎవరికి? అప్పు పుట్టినవాడికి. అప్పెవరికి పుడుతుంది? తాకట్టుకు షెడ్డో, స్థలమో ఉన్న సేటుకి. అతని షెడ్డులో పన్నెండు గంటలు నిలబడి తెగిన పడుగు పోగులు అతికేవాడికీ, కండెలు మార్చేవాడికీ ఆ పథకంలో గడి లేదు. షటిల్ లేని మగ్గం వచ్చాక అదే షెడ్డులో తక్కువ మందితో ఎక్కువ బట్ట దిగుతుంది. నేతగాడి కళ్లతో చూస్తే, ఢిల్లీ డబ్బు తన పనిని తేలిక చేసిందనుకోవాలో, తన పనికే ఎసరు పెట్టిందనుకోవాలో తేలని వ్యవహారం.

సూరత్ అదృష్టం అక్కడితో ఆగలేదు. 2009 నుంచి 2024 దాకా సూరత్ ఎంపీగా ఉన్న దర్శనా జర్దోశ్ 2021 జూలైలో కేంద్ర సహాయ మంత్రి అయ్యారు. దక్కిన శాఖలు రెండు: జౌళి, రైల్వే. వలస నేతగాడి బతుకు మొత్తం ఆ రెండు శాఖల మధ్యే ఊగిసలాడుతుంది. సిరిసిల్లకు మెగా పవర్‌లూమ్ క్లస్టర్ ఇవ్వండని తెలంగాణ మంత్రిగా కేటీఆర్ కేంద్రానికి లేఖ మీద లేఖ రాస్తున్న రోజులవి. సూరత్‌కు ఆ శ్రమ లేదు. లేఖలు అందుకునే శాఖలోనే దాని ఎంపీ కూర్చుని ఉన్నారు.

2023 మార్చిలో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర జౌళి పార్కుల జాబితాలో నవ్‌సారి ఉంది, వరంగల్ కూడా ఉంది. ఏడింటికీ కలిపి 4,445 కోట్లు. వలస మొదలైన జిల్లాకూ, వలస చేరిన చోటుకూ ఒకేసారి ఒకే పథకం రావడం కాగితం మీద ముచ్చటగానే కనబడుతుంది. కానీ నిబంధనల్లో ఓ మెలిక ఉంది. కొత్త స్థలంలో కట్టే పార్కుకు మౌలిక వసతుల సాయం 500 కోట్ల దాకా, అప్పటికే మొదలైన పార్కుకు 200 కోట్ల దాకా. వరంగల్‌ది రెండో పద్దు. ఎందుకంటే రాష్ట్ర ప్రభుత్వం 2017 అక్టోబర్‌లోనే కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసేసింది. ముందుగా మేల్కొన్న పాపానికి తక్కువ కూలి అన్నమాట. సూరత్, భివండీ, షోలాపూర్‌లకు పోయిన మన నేతన్నలు తిరిగొస్తారని ఆనాడు నాయకులు ఊరించారు. ఆ పార్కుకు వచ్చిన పెద్ద కంపెనీల్లో కిటెక్స్, యంగ్‌వన్ దుస్తులు కుట్టేవి. ముప్పయ్యేళ్లు సాంచాల మీద గ్రే బట్ట నేసిన మనిషి యాభయ్యో ఏట కుట్టుమిషన్ దగ్గరికి తిరిగొస్తాడనుకోవడం నేత ఎరగనివాళ్ల లెక్క.

రైలు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. సూరత్ నుంచి వరంగల్ దిగాలంటే తెలుగువాళ్లకు ఏళ్ల తరబడి దిక్కు అహ్మదాబాద్-చెన్నై నవజీవన్ ఎక్స్‌ప్రెస్. సూరత్ మగ్గాల మీద పనిచేసే ఒడియా కార్మికుల్లో ఎక్కువ మందిది గంజాం జిల్లా. వాళ్ల కోసం బ్రహ్మపూర్-ఉధ్నా అమృత్ భారత్ ఎక్స్‌ప్రెస్‌ను 2025 సెప్టెంబర్ 27న ప్రధాని మోదీ ఝార్సుగూడ నుంచి జెండా ఊపి ప్రారంభించారు. ఏసీ బోగీలు లేని, కూలిజనం ఎక్కగల బండి. ఒడియాల సంఖ్య పెద్దది, గొంతు పెద్దది, ఊళ్లో ఓటూ పదిలంగా ఉంది. పోయేది గంజాం బండే అయినా దారిలో పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం తగులుతాయి కాబట్టి ఉత్తరాంధ్ర కూలీలకు గాలివాటుగా మేలు జరిగింది. కరీంనగర్ వాడికి ఆ గాలి కూడా తగల్లేదు.

ఇంతకీ తెలుగు బడికో, కమ్యూనిటీ హాలుకో సూరత్ తెలుగువాళ్లకు దారే లేదా? ఎంపీ నిధుల నిబంధనల్లో పెద్దగా ఎవరి కంటా పడని ఓ పేరా ఉంది. జాతీయ సమైక్యత, సామరస్యం, సౌభ్రాతృత్వాల కోసం ఎంపీ తన నియోజకవర్గానికి బయట, దేశంలో ఎక్కడైనా కొంత మొత్తానికి పనులు సిఫారసు చేయవచ్చు. 2016 మార్గదర్శకాల ప్రకారం ఆ పరిమితి ఏడాదికి 25 లక్షలు. అంటే కరీంనగర్ ఎంపీయో, వరంగల్ ఎంపీయో తల్చుకుంటే సూరత్‌లో తెలుగు పిల్లలు చదివే మునిసిపల్ బడికి గదులు వేయించవచ్చు. షరతులేమీ గొంతెమ్మ కోరికలు కావు. పదికాలాలు నిలిచే ఆస్తి కావాలి, అందరికీ పనికి రావాలి, గుడికీ ప్రైవేటు సొత్తుకూ వాడకూడదు. ఇద్దరు ముగ్గురు ఎంపీలు కలిస్తే ఓ మాదిరి భవనమే లేస్తుంది. తెలంగాణ నుంచి లోక్‌సభకు 17 మంది వెళ్తారు. రాజ్యసభ సభ్యులు ఏడుగురు. చేయడానికి చట్టం అడ్డు కాదు. అడ్డల్లా శిలాఫలకమే. దాన్ని చూసి మురిసే ఓటరు తన బూత్‌లో లేనప్పుడు 25 లక్షలు పొరుగూరికి పంపడానికి ఏ ఎంపీకి మనసొప్పుతుంది?

ఈ పథకం మీద పెద్దల తీర్పులు ఏకాభిప్రాయంతో లేవు. శాసనం చేసేవాడు ఖర్చు కూడా చేయడమేమిటని రాజ్యాంగ సమీక్షా సంఘం 2002లో, రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో తప్పుపట్టాయి, రద్దు చేయమన్నాయి. 2010 మేలో సుప్రీంకోర్టు చెల్లుతుందని తేల్చింది. ఫిలిప్పీన్స్‌లో సుప్రీంకోర్టు ఇలాంటి నిధినే 2013లో కొట్టేసింది. అమెరికా పార్లమెంటు 2011లో ఈ అలవాటు మానేసి, పదేళ్లకు మళ్లీ మొదలెట్టింది. అయితే ఈసారి ప్రతినిధుల సభలో ప్రతి సభ్యుడూ ఎవరి కోసం ఎంత అడిగాడో ముందే బయటపెట్టాలని, లాభాపేక్ష ఉన్న కంపెనీలకు ఇవ్వరాదని షరతు పెట్టుకుంది. మన దగ్గర మంజూరయ్యాక చూడవచ్చు. అడిగి కాదనిపించుకున్న అర్జీల జాడ మాత్రం ఎవరికీ తెలియదు. వలస వాడల అర్జీలు ఉండేది ఆ కనబడని కుప్పలోనే.

పథకం ఉన్నప్పుడు ఎంత అందిందన్నది ఒక ప్రశ్నయితే, అత్యవసరమైనప్పుడు అసలుందా అన్నది మరొకటి. 2020 ఏప్రిల్ 6న కేంద్ర మంత్రివర్గం కోవిడ్ పేరిట ఎంపీ నిధుల్ని రెండేళ్లపాటు ఆపేసింది. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 10 రాత్రి, సూరత్ లస్కాణాలో కూలీలు రోడ్డెక్కారు. తిండి లేదు, జీతం లేదు, ఇంటికి పంపండన్నది వాళ్ల గోల. వాళ్లలో ఎక్కువ మంది ఒడియాలు. కానీ మూతపడిన షెడ్ల వెనక ఇరుకు గదుల్లో ఏ భాషవాడి ఆకలైనా ఒకటే. అప్పుడు స్థానిక ఎంపీని నిలదీసే ఓటు వాళ్ల చేతిలో లేదు. ఉన్నా ఎంపీ చేతిలో నిధి లేదు. 2021 నవంబర్‌లో పథకాన్ని పునరుద్ధరించి ఆ ఏడాదికి 2 కోట్లిచ్చే నాటికి వెళ్లాల్సినవాళ్లు వెళ్లిపోయి, చాలామంది తిరిగొచ్చి మళ్లీ సాంచాల ముందు నిలబడి ఉన్నారు.

2025 నవంబర్‌లో గుజరాత్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైంది. ఇంటింటికీ ఫారాలు పంచి, 2002 నాటి జాబితాలో మీ పేరో, మీ తల్లిదండ్రుల పేరో చూపండన్నారు. రెండు చోట్ల పేరుండటం చట్టరీత్యా నేరం. లింబాయత్‌లో అద్దెగదిలో ఉంటున్న కరీంనగర్ నేతగాడి ముందున్న ప్రశ్నకు ఆ ఫారంలో గడి లేదు. సూరత్‌లో పేరెక్కిస్తే ఇక్కడి కార్పొరేటర్ వీధికి నల్లా వేయిస్తానని పలకరిస్తాడు, ఎంపీ ఆఫీసులో అర్జీకి విలువ వస్తుంది. ఊళ్లో పేరు తీసేస్తే పంచాయతీ ఎన్నికల్లో తన ఇంటివైపు చూసేవాడుండడు. ఇల్లూ, అమ్మా, రేషన్ కార్డూ ఉన్నది ఆ ఊళ్లోనే.