దాటనిస్తే నడుస్తారు

హైదరాబాద్ బాలానగర్‌లో నడిచేవాళ్లకు కొదవ లేదు. పొద్దున్న ఎనిమిదిన్నరకి నర్సాపూర్ చౌరస్తాలో నిలబడి చూడండి. లేత్ మిషన్ల మీద పనిచేసేవాళ్లు, ప్యాకింగ్ పనికి వెళ్లే ఆడవాళ్లు, సీఐటీడీలో టూల్ డిజైన్ నేర్చుకునే కుర్రాళ్లు బస్సు దిగి, టిఫిన్ డబ్బాలు చేతపట్టుకుని గబగబా సాగిపోతుంటారు. జనం కార్లు మాని నడవాలని పిలుపునిచ్చే పెద్దలకు వీళ్లెందుకు కనిపించరో నాకు అర్థం కాదు. కారులో వెళ్లేవాళ్లకు నడక మీద మనసు పుట్టాలంటే, ముందు ఇప్పుడు నడుస్తున్నవాళ్ల దారి చూసి ముచ్చటపడాలి. ఇవాళ ఆ దారి చూస్తే భయమేస్తుంది.

2015 ఆగస్టులో ఐటీ కారిడార్‌లో ‘కార్ ఫ్రీ థర్స్‌డే’ మొదలుపెట్టారు. గురువారం కారు ఇంట్లోనే ఉంచి రమ్మన్నారు. మంచి ఆలోచన. ఉత్సాహంగా కదిలిన ఉద్యోగులూ ఉన్నారు. కానీ హైటెక్ సిటీకి మెట్రో వచ్చింది 2019 మార్చిలో. కారు దిగిన మనిషికి ఎక్కేందుకు రైలూ, అడుగు పెట్టే చోటూ లేనప్పుడు ఆ ఊపు నిలవకపోవడంలో వింతేముంది?

బాలానగర్ ఫ్లైఓవర్‌ను 2021 జులై 6న ప్రారంభించారు. పొడవు 1.13 కిలోమీటర్లు, ఆరు వరుసలు. ఎప్పుడూ కిక్కిరిసి ఉండే ఆ చౌరస్తాకు అది నిజంగానే ఊరట; వద్దని నేననను. పైన పోయే బండి ఎక్కడా ఆగనక్కర్లేకుండా ఇంత చేశాం కదా, మరి కింద దాటే మనిషికి ఎన్ని సెకన్లు ఇచ్చాం?

లెక్క చూడండి. మనిషి సెకనుకు సుమారు 1.2 మీటర్లు నడుస్తాడని ట్రాఫిక్ ఇంజినీర్ల అంచనా. 24 మీటర్ల రోడ్డు దాటడానికి 20 సెకన్లు కావాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు 30 సెకన్లు పడుతుంది. ఆ వ్యవధి దొరకదు కాబట్టే రోడ్డవతల ఉన్న బడికి కూడా తల్లి పిల్లాణ్ణి స్కూటీ ఎక్కిస్తుంది. ఎదురుగా ఉన్న మందుల షాపుకి తండ్రి బైకు తీస్తాడు. వీళ్లది బద్ధకం కాదు. ప్రాణభయం.

ఫుట్‌పాత్ మీద అడ్డం లేని నడకదారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని, ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. షెడ్ల ముందు ఇనుప రాడ్లు దించుకుంటూ, లోడింగ్ ఆటోలు నిలుపుకుంటూ ఆ దారిని మనమే మింగేస్తున్నాం. తప్పు తోపుడుబండి వాళ్లదని అనేయడం తేలిక. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు చోటు చూపించమంది, తరిమేయమనలేదు.

ఫుట్‌పాత్ పాదచారుల హక్కని, అది రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కు ముందు ఈ చౌరస్తాకు రావాలి. నాలుగు వైపులా జీబ్రా గీతలు, నడిచేవాళ్లకంటూ 30 సెకన్ల సిగ్నలు, మధ్యలో ఆగి నిలబడేందుకు కాస్త ఎత్తుగా గట్టు. దీనికి కొత్త పిల్లర్లు అక్కర్లేదు, భూసేకరణ అక్కర్లేదు. ఒక ట్రాఫిక్ అధికారి, ఒక మున్సిపల్ ఇంజినీరు కలిసి సాయంత్రం షిఫ్టు వదిలే వేళ ఆ రోడ్డును కాలినడకన అటూ ఇటూ దాటి చూస్తే, గీత ఎక్కడ గీయాలో వాళ్లకే తెలుస్తుంది.