చెవికీ నాలుకకీ బాకీ

మాకు ఇంగ్లీషు రాదన్న మాట ముప్పై ఏళ్ళకు పైబడి వింటున్నాను. ప్రొఫెసర్లంటారు, ఇంటర్వ్యూ బోర్డుల్లో కూచున్న పెద్దమనుషులంటారు, రిజర్వేషన్లు వద్దని రోడ్డెక్కే కుర్రాళ్ళంటారు. ఆఖరికి మనోళ్ళే కొందరు తలొంచుకుని అదే అంటారు. ఇది అబద్ధం. మాకు ఇంగ్లీషు కంటికి వచ్చు, చేతికి వచ్చు. చదువుతాం, రాస్తాం. చెవికీ నాలుకకీ మాత్రం రానివ్వలేదు. ఎవరు రానివ్వలేదో, ఆ బాకీ ఎవరు తీర్చాలో తేల్చుకుందామనే ఇది రాస్తున్నాను.

మాది పల్నాడులో ఒక మాదిగపల్లె. అమ్మా నాయనా మిరపకోతలకి పోయేవాళ్ళు. ఆరు నుంచి పది దాకా సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండి జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. మాకు ఏబీసీడీలు మొదలయింది ఆరో తరగతిలో. మా ఇంగ్లీషు మాస్టారు చెడ్డాయన కాదు. ఒక వాక్యం చదివేవాడు, 'అనగా' అనేవాడు, తెలుగులో అర్థం చెప్పేవాడు. మా చెవులు ఆ 'అనగా' కోసమే కాచుకుని ఉండేవి. దానికి ముందు వచ్చిందంతా మాకు వానచప్పుడే. పరీక్షకి గైడులో జవాబులు బట్టీ కొట్టేవాళ్ళం. ఒక్క గైడుని పదకొండు మందిమి ఎత్తి రాసుకున్నాం. పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషంతా రాతే. వినడానికి మార్కుల్లేవు, మాట్లాడటానికి మార్కుల్లేవు. మార్కుల్లేని చదువు ఎవరు చెబుతారు? ఐదేళ్ళలో నేను ఇంగ్లీషులో నోరు తెరిచి అన్నవి రెండే మాటలు: 'ప్రెజెంట్ సార్', 'మే ఐ కమిన్ సార్'.

ఇంటరూ డిగ్రీ తెలుగు మీడియంలోనే అయినయ్. 1992లో హైదరాబాదులో ఒక పెద్ద యూనివర్సిటీలో ఎం.ఏ. సీటొచ్చింది. ప్రవేశపరీక్ష రాతపరీక్ష గనకే వచ్చింది. మొదటి నెలంతా క్లాసులో కూచుంటే, చెరువు ఈ గట్టున కూచుని ఆ గట్టు మీది మనుషుల మాటలు విన్నట్టుండేది. గొంతులు తెలుస్తాయి, మాటలు తెలవ్వు. అదే పాఠం రాత్రి లైబ్రరీలో పుస్తకం తీసి చదివితే అర్థమయ్యేది. కాబట్టి లోటు బుర్రలో లేదు. ఎక్కడుందో అప్పుడు మాకు చెప్పినవాడు లేడు. ఇప్పుడు చదువుతున్న పిల్లలకయినా చెప్పాలి.

తెలుగు అజంత భాష. మన మాటలో ప్రతి అక్షరానికీ దాని పాలు దానికి దక్కుద్ది. ఇంగ్లీషు అట్లా కాదు. ఒక అక్షరాన్ని నెత్తినెక్కించుకుని మిగతావాటిని కాళ్ళ కింద తొక్కుద్ది. (ఈ పద్ధతి మాకు కొత్తేమీ కాదు, భాషలో ఉంటుందనే తెలీదు.) మా మాస్టారు 'కం-ఫర్-ట-బుల్' అని నాలుగు ముక్కలూ తూకమేసి పలికేవాడు. యూనివర్సిటీలో అది 'కంఫ్టబుల్' అయింది. 'ఫోటోగ్రాఫ్' అన్నప్పుడు బరువు మొదట్లో పడుద్ది. 'ఫొటాగ్రఫీ' అనేసరికి రెండో చోటికి జరుగుద్ది, దాంతో మాట రూపే మారిపోద్ది. స్పెల్లింగులు కంటితో నేర్చినవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పకపోతే, తెలిసిన మాట కూడా తెలియని మాటలాగే వినపడుద్ది. నాకు వచ్చిన వేల మాటలు నా చెవి దగ్గరికొచ్చి, గుర్తుపట్టేవాడు లేక తిరిగిపోయినయ్.

ఉపన్యాసం వినడం దీనికన్నా కష్టం. పెద్ద చదువుల్లో లెక్చరర్ తన మాట తిన్నగా చెప్పడు. 'ఇట్ మే బీ ఆర్గ్యూడ్ దట్' అని మొదలుపెట్టి పది నిమిషాలు అవతలివాడి వాదన చెబుతాడు. చివర్లో చిన్నగా 'బట్' అని, అంతా తిరగేస్తాడు. ఆ 'బట్' చెవిన పడనివాడు అవతలివాడి వాదనే సారు వాదన అనుకుని నోట్సు రాసుకుని ఇంటికి పోతాడు. ఏ మాట దగ్గర మలుపుందో, ఏది ఉదాహరణో, ఏది ఊరికే పక్కన చెప్పిందో పట్టుకోవడం నేర్పితే వచ్చే పని. తోలు కొయ్యడం, చెప్పు కుట్టడం నేర్పినట్టే నేర్పొచ్చు. కాన్వెంటులో చదివినవాడికి అది పుట్టుకతో రాలేదు. పన్నెండేళ్ళు రోజూ విన్నాడు గనక వచ్చింది. వాడి పన్నెండేళ్ళని తెలివి అంటున్నారు, మాకు ఇవ్వని పన్నెండేళ్ళని తెలివితక్కువ అంటున్నారు.

సెమినార్ అని ఒకటుంటుంది. అందరూ బల్ల చుట్టూ కూచుంటారు. ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటారు. ఎక్కడ దూరాలో, దూరినాక ఎట్లా నిలబడాలో దానికో పద్ధతుంది. ఆ పద్ధతి ఏ సిలబస్సులోనూ ఉండదు. ఒకరోజు మా టీచరు నావైపు తిరిగి, 'వుడ్ యూ లైక్ టు కమిన్ హియర్?' అంది. నేను లోపలే ఉన్నాను గదా, ఇంకెక్కడికి రమ్మంటుందని తలుపు వంక చూశాను. నవ్వారు. 'మే ఐ కమిన్' అని ఐదేళ్ళు గుమ్మం దగ్గర నిలబెట్టిన చదువు, చర్చలోకి రావడాన్ని కూడా 'కమిన్' అంటారని ఎప్పుడు చెప్పింది గనక? సెమిస్టరు చివర నా పేరు పక్కన 'సైలెంట్' అని రాసి సెమినార్ మార్కులు కోశారు. అదే పేపర్లో రాతపరీక్షకి మంచి మార్కులొచ్చినయ్.

సైలెంట్! ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. వేదం విన్న శూద్రుడి చెవుల్లో తగరమూ లక్కా కరిగించి పొయ్యాలనీ, పలికితే నాలుక కొయ్యాలనీ గౌతమ ధర్మసూత్రం చెప్పింది. మేము ఆ శూద్రుడికి కూడా ఊరవతలివాళ్ళం. వినడం, మాట్లాడటం - సరిగ్గా ఈ రెంటినే ఎందుకు శిక్షించారో యూనివర్సిటీకి వచ్చినాకే నాకర్థమయింది. మా నాయన ఆసామి ముందు తలగుడ్డ తీసి చేతులు కట్టుకుని నిలబడి, అడిగినదానికి 'సిత్తం' అన్నవాడు. నోరు లేచిన పిల్లాణ్ణి మా అమ్మ కొట్టేది, ఊళ్ళోవాళ్ళు కొట్టకముందే. తరతరాలుగా నోరు మూయించినవాళ్ళ పిల్లలే బల్లకి అవతల కూచుని, 'మీరెందుకు మాట్లాడరు?' అని ఆశ్చర్యపోతారు.

రాతపేపరు మీద నంబరుంటుంది. వైవాలో మొహముంటుంది, యాస ఉంటుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్ష మీద విచారించిన సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. ప్రాక్టికల్స్‌లో, వైవాల్లో తమకి న్యాయం జరగడం లేదని దళిత, ఆదివాసీ విద్యార్థులు ఆ కమిటీ ముందు చెప్పుకున్నారు. నోటిపరీక్ష ఎవరికి పరీక్షో, ఎవరికి పందిట్లో పెళ్ళో వేరే చెప్పాలా?

ఇక మాతృభాషాభిమానులు. వీళ్ళు మమ్మల్ని తెలుగులోనే ఉండమంటారు, వాళ్ళ పిల్లల్ని అమెరికాలో ఉంచుతారు. అయ్యా, మీ వాచకంలో ఉన్న తెలుగు కూడా మాకు పరాయిదే. 'యాడికి బోతన్నావ్' అంటే బెత్తం దెబ్బ తిన్నవాళ్ళం మేము. ఒక పరాయి భాషని దెబ్బలు తిని నేర్చాం. రెండోది నేర్వలేమా? అంబేడ్కర్‌కి బడిలో సంస్కృతం చెప్పలేదు, అంటరానివాడని. పారసీ తీసుకున్నాడు. ఆ మనిషే 1930లో రెట్టమలై శ్రీనివాసన్‌తో కలిసి లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో కూచుని అణగారిన జాతుల తరఫున ఇంగ్లీషులో మాట్లాడాడు. 1955లో బీబీసీ ఆయన్ని ఇంటర్వ్యూ చేసింది. ఆ గొంతు ఇవాళ ఎవరయినా వినొచ్చు. ఈ దేశపు యాసలోనే మాట్లాడాడు. అర్థం కాలేదని అనమనండి ఎవర్నయినా.

మనోళ్ళతో కూడా పేచీ ఉంది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్ళని ఇంగ్లీషు మీడియం చేస్తూ జీవో ఇచ్చినప్పుడు మనం సంబరపడ్డాం. 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేస్తే తిట్టుకున్నాం. తెలంగాణలో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టారు. నేను దానికి అడ్డం కాదు. కానీ పుస్తకం ఇంగ్లీషుదయినంత మాత్రాన చెవి ఇంగ్లీషుదవుద్దా? తెలుగు మీడియంలో చదివిన టీచరుకి శిక్షణ ఇయ్యకుండా ఇంగ్లీషు పుస్తకం చేతికిస్తే మళ్ళీ 'అనగా' అనే అంటాడు, తప్పు ఆయనది కాదు. ఇంగ్లీషు ఎట్లా బోధించాలో పరిశోధించే జాతీయ సంస్థ 1958 నుంచీ హైదరాబాదులోనే ఉంది. ఆ విద్య పల్నాడు హైస్కూలు గుమ్మం దాకా రావడానికి ఇన్నేళ్ళు చాలలేదా? ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పుతామని బోర్డు పెట్టుకున్న అమీర్‌పేట కొట్ల సంగతి చెప్పనక్కర్లేదు. హోటల్లో కాఫీ అడగడం నేర్పుతారు. సెమినార్లో 'మీ వాదనకి ఆధారమేంటి?' అని అడగడం నేర్పరు.

నాకు చెవి వచ్చింది హాస్టలు గదిలో. మా సీనియరన్న ఒకాయన పాత టేప్‌రికార్డర్ తెచ్చి, పర్మిషన్ అడిగి లెక్చర్లు రికార్డు చేసేవాడు. రాత్రి ఆరుగురం చేరేవాళ్ళం. మొదటిసారి పెన్ను పట్టుకోనిచ్చేవాడు కాదు, ఊరికే వినమనేవాడు. రెండోసారి మలుపు మాటలు మాత్రమే రాయించేవాడు: 'హవెవర్', 'ఆన్ ది అదర్ హ్యాండ్', 'వాట్ ఐ మీన్ ఈజ్'. మూడోసారికి పాఠం ఎముకలు బయటపడేవి. ఆ తర్వాత ఎవరో ఒకరు దాన్ని రెండు నిమిషాల్లో ఇంగ్లీషులో చెప్పాలి, మిగతావాళ్ళు అడ్డం తగలాలి. నవ్వినోడు టీ పొయ్యాలని రూలు. 'సారీ, మళ్ళీ చెబుతారా?' అని ఇంగ్లీషులో అడగడానికి వారం రోజులు సాధన చేశాను. అడగడం అవమానం కాదని ఒళ్ళు నమ్మడానికి అంతకన్నా ఎక్కువ రోజులు పట్టింది. మూడో సెమిస్టరులో నేను బల్ల దగ్గర మాట్లాడాను. టీ ఖర్చు తప్ప యూనివర్సిటీకి పైసా ఖర్చు కాలేదు, అది కూడా మాదే.

యూజీసీ సొమ్ముతో నడిచిన ఇట్లాంటి తరగతులకి 'రెమెడియల్' అని పేరు పెట్టారు. రెమెడీ అంటే మందు. రోగి ఎవరు? సాయంత్రం ఐదు తర్వాత, మిగతావాళ్ళు ఆటలకి పోయినాక, మనోళ్ళని ఒక గదిలో కూచోబెట్టి గ్రామర్ చెబుతారు. ఆ గదిలోకి పోయేవాడెవడో క్యాంపసంతా చూస్తుంది. సిగ్గుతో మానేస్తే 'వాళ్ళకి శ్రద్ధ లేదు' అని రాస్తారు.

నేనిప్పుడు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నా దగ్గర చదివి యూనివర్సిటీకి పోయిన పిల్లలు కిందటేడు వాళ్ళ డిపార్ట్‌మెంటులో ఒక అర్జీ ఇచ్చారు. వినడం, మాట్లాడటం టైంటేబుల్లో పెట్టి, క్రెడిట్లిచ్చి, అందరికీ కలిపి నేర్పాలి. లెక్చరుకి ముందురోజు దాని ముఖ్యాంశాలు ఒక కాగితం మీద ఇవ్వాలి. రికార్డు చేసుకోనివ్వాలి. మొదటి ఏడు ప్రశ్న తెలుగులో అడిగినా జవాబు చెప్పాలి. సెమినార్ మార్కులు వాదనకి వెయ్యాలి, యాసకి కాదు. ఇంతే అడిగారు. ఇవన్నీ చేస్తే ప్రమాణాలు పడిపోతాయన్నాడు హెడ్డు. ఏ ప్రమాణాలో కాగితం మీద రాసివ్వండి సార్ అన్నారు పిల్లలు. ఇంతవరకూ ఇవ్వలేదు.