నేల కింద గ్యాస్ ఉంది.. ఊళ్లో ప్లాంట్లూ ఉన్నాయి.. మరి కరెంట్ ఎందుకు రావట్లేదు?

రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వైపు వెళ్లే హైవే మీద వేమగిరి రాగానే అందరి చూపూ కడియం నర్సరీల మీదే ఉంటుంది. ఆ పూల మొక్కలకు కాస్త దూరంలోనే పెద్ద పెద్ద పొగగొట్టాలు కనిపిస్తాయి. అవి గ్యాస్‌తో నడిచే విద్యుత్ కేంద్రాలు. జేగురుపాడులో 216, 220 మెగావాట్లవి రెండు, వేమగిరిలో 370, 768 మెగావాట్లవి రెండు. అంటే ఒక్క కడియం మండలంలోనే 1,574 మెగావాట్లు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని థర్మల్ కేంద్రం మొదటి ఆరు యూనిట్లు కలిపినా 1,260 మెగావాట్లే.

ఇంత సామర్థ్యం ఉన్నా గత పదేళ్లకు పైగా ఇందులో ఎక్కువ భాగం నడిచిన రోజులకంటే ఆగిన రోజులే ఎక్కువ. యంత్రాలు పాతబడి కాదు, అందులో చాలావరకు కొత్తవే. సమస్య ఇంధనం. గ్యాస్ బావుల పక్కనే కట్టిన ప్లాంట్లకు గ్యాస్ లేకపోవడమేమిటి? దీనికీ మన కరెంటు బిల్లుకూ సంబంధం ఏమిటి?

గ్యాస్ ప్లాంటు ఎలా పనిచేస్తుంది?

బొగ్గు కేంద్రంలో బొగ్గును మండించి, నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పుతారు. గ్యాస్ ప్లాంటులో టర్బైన్లు రెండు రకాలు. మొదట గ్యాస్‌ను మండిస్తే వచ్చే వేడి వాయువులే నేరుగా గ్యాస్ టర్బైన్‌ను తిప్పుతాయి. బయటికొచ్చే పొగలో ఇంకా 500 డిగ్రీలకు పైగా వేడి ఉంటుంది. దాన్ని గాల్లోకి వదిలేయకుండా ఆ వేడితో నీటిని ఆవిరి చేసి, స్టీమ్ టర్బైన్‌ను తిప్పుతారు. ఒకే ఇంధనంతో రెండుసార్లు కరెంటు అన్నమాట. దీన్నే కంబైన్డ్ సైకిల్ అంటారు.

జేగురుపాడు తొలి దశలో 3 గ్యాస్ టర్బైన్లు, 1 స్టీమ్ టర్బైన్ ఉన్నాయి. మొత్తం 216 మెగావాట్లలో 75.5 మెగావాట్లు స్టీమ్ టర్బైన్‌వే, అంటే వృథాగా పోయే వేడి నుంచి వచ్చేవే. అందుకే ఇంధనంలోని శక్తిలో దాదాపు సగం ఇక్కడ కరెంటుగా మారుతుంది. బొగ్గు కేంద్రాల్లో అది సుమారు మూడో వంతు. బూడిద ఉండదు. కార్బన్ డయాక్సైడ్ కూడా బొగ్గుతో పోలిస్తే సగం వరకు తగ్గుతుంది.

ఈ 216 మెగావాట్లు రోజంతా పూర్తిగా నడిస్తే దాదాపు 52 లక్షల యూనిట్లు వస్తాయి. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లయితే ఏడున్నర లక్షలకు పైగా ఇళ్లకు సరిపోతుంది. అందుకు రోజుకు సుమారు 10 లక్షల ఘనపు మీటర్ల గ్యాస్ కావాలి.

ఇవన్నీ ఇక్కడికే ఎందుకు వచ్చాయి?

గోదావరి డెల్టాలో ఓఎన్‌జీసీ 1978లో నరసాపురం దగ్గర బావి తవ్వడంతో అన్వేషణ మొదలైంది. 1980లలో రాజోలు, తాటిపాక ప్రాంతాల్లో గ్యాస్ బయటపడింది. దాన్ని దూరం తీసుకెళ్లే పెద్ద పైపులైన్లు అప్పట్లో లేవు. అందుకే గ్యాస్ ఉన్నచోటే వాడుకోవాలనుకున్నారు. గోదావరికి అవతలి ఒడ్డున నిడదవోలు మండలం విజ్జేశ్వరంలో 1990-91 నాటికే గ్యాస్ విద్యుత్ కేంద్రం వచ్చింది. అప్పటి విద్యుత్ బోర్డు, ప్రైవేటు పరిశ్రమలు వాటాదారులుగా దాన్ని పెట్టాయి. వాటా ఎంతో కరెంటు కూడా అంతే.

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత విద్యుత్ ఉత్పత్తిలోకి ప్రైవేటు కంపెనీలను కేంద్రం పిలిచింది. 'ఫాస్ట్‌ట్రాక్' పేరుతో 8 ప్రాజెక్టులను ముందుకు తెచ్చింది. మహారాష్ట్రలో వివాదంగా మారిన ఎన్రాన్ వారి దభోల్ అందులో ఒకటి. మిగిలిన ఏడింటిలో రెండు మన గోదావరి జిల్లావే: జీవీకే వారి జేగురుపాడు, కాకినాడ దగ్గర స్పెక్ట్రమ్. 1996-97లో దశలవారీగా ఉత్పత్తి మొదలుపెట్టిన జేగురుపాడుకు సంస్కరణల తర్వాత దేశంలో వచ్చిన తొలి ప్రైవేటు విద్యుత్ ప్రాజెక్టుగా పేరొచ్చింది. ఇక్కడి కరెంటును 18 ఏళ్లపాటు కొనేందుకు విద్యుత్ బోర్డుతో ఒప్పందం కుదిరింది. దాన్నే పీపీఏ అంటాం.

ఒకే ఊళ్లో రెండు దశలు.. తేడా ఎక్కడొచ్చింది?

జేగురుపాడు తొలి దశను డెల్టాలో అప్పటికే ఉత్పత్తిలో ఉన్న ఓఎన్‌జీసీ బావులను నమ్ముకుని కట్టారు. గ్యాస్ కళ్ల ముందు ఉంది. ఒడిదొడుకులున్నా ప్లాంటు ఒప్పంద కాలమంతా నెట్టుకొచ్చింది.

రెండో దశ 220 మెగావాట్లు అలా కాదు. జీఎంఆర్ వారి వేమగిరి 370, పెద్దాపురం దగ్గర గౌతమి 464, రావులపాలెం మండలం దేవరపల్లిలో కోనసీమ 445 మెగావాట్ల ప్లాంట్లదీ ఇదే కథ. ఇవి నమ్ముకున్నది ఇంకా బయటికి రాని గ్యాస్‌ను. 2002లో కాకినాడ తీరానికి ఎదురుగా సముద్రంలో, కేజీ డీ6 బ్లాకులో రిలయన్స్ భారీ నిక్షేపాలను కనుగొంది. ఇక గ్యాస్‌కు కొదవ ఉండదన్న ధీమా మొదలైంది. బ్యాంకులు అప్పులిచ్చాయి, ప్లాంట్లు లేచాయి. వేమగిరి 2006లోనే పూర్తయింది. సముద్రంలోని గ్యాస్ మాత్రం 2009 ఏప్రిల్‌లో గానీ రాలేదు.

ఇక్కడే ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. గ్యాస్ 'కేటాయింపు' వేరు, 'సరఫరా' వేరు. కేటాయింపు అంటే ఉత్పత్తయితే మీకింత ఇస్తామని కాగితం మీద రాయడం. టర్బైన్ కాగితంతో తిరగదు.

కేజీ డీ6లో ఏం జరిగింది?

మొదట్లో అంతా బాగానే ఉంది. 2010 నాటికి ఉత్పత్తి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. 8 కోట్లకు వెళ్తుందన్నారు. కానీ అక్కడి నుంచి పడిపోవడం మొదలై, 2013 నాటికి ఒకటిన్నర కోట్ల స్థాయికి వచ్చింది.

ఉన్న కాస్త గ్యాస్ ఎవరికి? కేంద్రం పెట్టుకున్న వరసలో ఎరువుల కర్మాగారాలు, వంటగ్యాస్ ముందున్నాయి. విద్యుత్తు ఆ తర్వాతే. 2013 మార్చి నుంచి కేజీ డీ6 గ్యాస్ విద్యుత్ కేంద్రాలకు సున్నా అయింది. 2015లో కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం దేశంలో గ్రిడ్‌కు కలిసిన గ్యాస్ ప్లాంట్ల సామర్థ్యం 24,150 మెగావాట్లు. అందులో 14,305 మెగావాట్లకు దేశీయ గ్యాస్ చుక్క కూడా అందడం లేదు.

ఆ దెబ్బకు ఒక్కో ప్లాంటు ఒక్కో దారి పట్టింది. కోనసీమ ప్లాంటు దివాలా ప్రక్రియకు వెళ్లింది. వేమగిరిలోని 768 మెగావాట్ల ప్లాంటు అప్పును బ్యాంకులు వాటాలుగా మార్చుకున్నాయి. సామర్లకోటలో రిలయన్స్ పవర్ తలపెట్టిన 2,400 మెగావాట్ల విస్తరణ ఆగిపోయింది. అక్కడి యంత్రాల్లో కొన్ని చివరికి బంగ్లాదేశ్‌లోని మేఘనాఘాట్‌కు తరలాయి.

దిగుమతి గ్యాస్‌తో నడపలేమా?

నడపొచ్చు, నడిపారు కూడా. 2015-16, 2016-17లో కేంద్రం ఒక పథకం తెచ్చింది. విదేశాల నుంచి ద్రవరూపంలో వచ్చే గ్యాస్‌ను ప్లాంట్లకు ఇచ్చి, ధరలో కొంత భారం తాను మోసింది. తక్కువ సబ్సిడీతో సరిపెట్టుకుంటామన్న వారికి వేలంలో గ్యాస్ దక్కేది. 2017 మార్చితో పథకం ముగిసింది. ప్లాంట్లు మళ్లీ మొదటికొచ్చాయి.

కేజీ డీ6లో మళ్లీ గ్యాస్ వస్తోంది కదా?

వస్తోంది. 2020 డిసెంబరు నుంచి కొత్త క్షేత్రాల్లో ఉత్పత్తి మొదలైంది. ఇప్పుడు చిక్కంతా ధరతోనే. చిన్న లెక్క చూద్దాం.

గ్యాస్‌ను వేడిని బట్టి అమ్ముతారు. 10 లక్షల బీటీయూలకు ఇన్ని డాలర్లని ధర. కంబైన్డ్ సైకిల్ ప్లాంటులో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 8 వేల బీటీయూల వేడి కావాలి.

- 2009లో కేజీ డీ6 ధర 4.20 డాలర్లు. అప్పటి డాలరు విలువతో యూనిట్‌కు గ్యాస్ ఖర్చు రూపాయిన్నర చిల్లర.
- ఇప్పుడు లోతు సముద్రపు గ్యాస్‌కు కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర 10 డాలర్ల దరిదాపుల్లో ఉంటోంది. డాలరు 85 రూపాయలనుకుంటే యూనిట్‌కు గ్యాస్ ఖర్చే దాదాపు 6 రూపాయల 80 పైసలు.

దీనిపై పైపులైన్ రవాణా చార్జీ, పన్ను అదనం. సహజ వాయువు ఇంకా జీఎస్టీలోకి రాలేదు కాబట్టి రాష్ట్రాల వ్యాట్ పడుతుంది. మరోవైపు కొత్త సోలార్ కరెంటు యూనిట్ రెండున్నర రూపాయల దగ్గర దొరుకుతోంది. గ్రిడ్‌లో తక్కువ ఖర్చు కరెంటునే ముందు తీసుకుంటారు. దాంతో గ్యాస్ ప్లాంటు వంతు చివరికి పోయింది.

ఓఎన్‌జీసీ పాత క్షేత్రాల గ్యాస్ దీనికంటే చౌక. 2023లో దానికి 6.50 డాలర్ల పరిమితి పెట్టారు. అయితే ఇళ్లకు పైపుల్లో వెళ్లే గ్యాస్‌కు, ఆటోలు, కార్ల సీఎన్‌జీకి అందులో మొదటి హక్కు.

నడవని ప్లాంటుకు మనమెందుకు కట్టాలి?

పీపీఏలో ధర రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి ఇంధన ఖర్చు, ఉత్పత్తి చేస్తేనే ఇస్తారు. రెండోది ఫిక్స్‌డ్ చార్జీ. ప్లాంటు కట్టడానికి తెచ్చిన అప్పు, వడ్డీ, జీతాలు, లాభం ఇందులోకి వస్తాయి. ప్లాంటు 'సిద్ధంగా' ఉంటే చాలు, కరెంటు తీసుకోకపోయినా డిస్కంలు దీన్ని చెల్లించాలి. ఇంటికి అద్దె కట్టినట్టే. ఊరెళ్లి నెల తర్వాత వచ్చినా అద్దె ఆగదు.

మరి గ్యాస్ లేని ప్లాంటు సిద్ధంగా ఉన్నట్టా, లేనట్టా? ఖరీదైన గ్యాస్‌తోనో నాఫ్తాతోనో నడపగలం కాబట్టి ఉన్నట్టేనని కంపెనీలు అంటాయి. అంత ధర పెట్టి మేం కొనం కాబట్టి లేనట్టేనని డిస్కంలు అంటాయి. ఈ ఒక్క మాట మీద ఏళ్ల తరబడి విద్యుత్ నియంత్రణ మండలిలో, ట్రిబ్యునల్‌లో, కోర్టుల్లో కేసులు నడిచాయి. తీర్పు ఎటు వచ్చినా, డిస్కం చెల్లించాల్సి వస్తే ఆ మొత్తం విద్యుత్ కొనుగోలు ఖర్చులో కలుస్తుంది. అక్కడి నుంచి మన టారిఫ్‌లోకో, ట్రూ అప్ చార్జీల్లోకో వస్తుంది.

జేగురుపాడు తొలి దశ దీనికి భిన్నమైన దారి చూపింది. 2015 జూన్‌లో 18 ఏళ్ల ఒప్పందం ముగిసింది. అప్పటికి ప్లాంటు మీద పెట్టిన అప్పు చాలావరకు జనం బిల్లుల ద్వారానే తీరిపోయింది. మళ్లీ కొత్త ఒప్పందం రాసుకోకుండా 2016లో డిస్కంలే ప్లాంటును కొనుక్కున్నాయి. నిర్వహణ ఏపీ జెన్‌కో చేతికి వచ్చింది.

డెల్టా ఏం మోసింది?

1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావిలో మంటలు చెలరేగాయి. ఆర్పడానికి రెండు నెలలకు పైగా పట్టింది. 2014 జూన్ 27న తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ పైపులైన్ పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి తోటలు, ఇళ్లు మాడిపోయాయి. ఆ పైపులైన్ తాటిపాక నుంచి విజయవాడ దగ్గర కొండపల్లిలోని ల్యాంకో విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తీసుకెళ్లేది. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరు, ద్రవాలు కలిసిన గ్యాస్ పంపడంతో లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది.

కోనసీమలో బావి తవ్వుతామన్నప్పుడల్లా జనం అడ్డం తిరగడం వెనక ఈ జ్ఞాపకాలున్నాయి. పంట పొలాల కింద పైపులు ఇక్కడివారివి. ప్రమాద భయమూ వారిదే. వాటి చివర ఉండాల్సిన కరెంటు మాత్రం లేదు.

ఈ ప్లాంట్లతో ఇక పని లేదా?

ఉంది, అదీ సాయంత్రం పూట. పగలు సోలార్ కరెంటు పుష్కలం. సూర్యుడు దిగాక ఇళ్లలో ఏసీలు, లైట్లు ఒక్కసారిగా వేస్తారు. ఆ రెండు మూడు గంటల్లో బొగ్గు కేంద్రాన్ని ఆపి లేపడం కుదరదు. గ్యాస్ టర్బైన్‌ను మాత్రం అరగంటలోపే పని మొదలెట్టించవచ్చు. 2024 వేసవిలో ఎండలు ముదిరినప్పుడు కేంద్రం విద్యుత్ చట్టం సెక్షన్ 11 వాడి, మే 1 నుంచి జూన్ 30 వరకు గ్యాస్ ప్లాంట్లన్నీ అందుబాటులో ఉండాలని ఆదేశించింది ఇందుకే. యూనిట్ 8 రూపాయలైనా రోజుకు మూడు గంటలే అయితే మోయగలిగే భారమే. రోజంతా అయితే కాదు.

అయితే పదేళ్లు మూతపడ్డ టర్బైన్ ఒక్క బటన్‌తో లేవదు. తుప్పు పట్టకుండా చూసుకోవాలి, నిపుణులైన సిబ్బంది ఉండాలి. ఆ ఖర్చు ఎవరు పెడతారన్నది తేలాలి. బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజీ కేంద్రాలు అదే సాయంత్రం పనికి పోటీకి వస్తున్నాయి. నిర్ణయం ఆలస్యమయ్యే కొద్దీ ఈ ప్లాంట్ల విలువ ఇనప సామాను ధరకు దగ్గరవుతుంది.

వినియోగదారుగా మీరేం చూడాలి?

డిస్కంలు ఏటా నవంబరు చివరికల్లా వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికను విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. ఆ తర్వాత బహిరంగ విచారణలు జరుగుతాయి. కొత్త చార్జీలు ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తాయి. గోదావరి జిల్లాలవారి డిస్కం ఏపీఈపీడీసీఎల్. ఆ నివేదికలో ప్లాంట్లవారీగా ఎన్ని యూనిట్లు కొంటారో, ఫిక్స్‌డ్ చార్జీ ఎంత కడతారో రెండు గడుల్లో ఉంటుంది. యూనిట్ల గడిలో సున్నా ఉండి, ఫిక్స్‌డ్ గడిలో కోట్లు కనిపిస్తే ఎందుకని అడిగే హక్కు బిల్లు కట్టే ప్రతి ఒక్కరికీ ఉంది. అభ్యంతరం రాసి పంపడానికి లాయర్ అక్కర్లేదు.